పైపు కారుతోందని ముందు ఎవరికి తెలుస్తుంది?

హైదరాబాద్ బంకులకు వచ్చే పెట్రోలు, డీజిలు అంతా రైలు వ్యాగన్లలోనో లారీల్లోనో వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. విశాఖ రిఫైనరీ నుంచి విజయవాడ మీదుగా ఘట్‌కేసర్ టెర్మినల్ దాకా హెచ్‌పీసీఎల్‌కు దాదాపు 570 కిలోమీటర్ల పైప్‌లైన్ ఉంది. ఒడిశాలోని పారాదీప్ నుంచి హైదరాబాద్ దాకా ఇండియన్ ఆయిల్ వేసిన లైన్ అయితే 1,200 కిలోమీటర్ల పైమాటే. ఇవన్నీ పొలాల కింద, కాలవల కింద, హైవేల కింద, ఇప్పుడు నగరం పెరిగిపోయాక శివారు వెంచర్ల పక్క నుంచి కూడా, మీటరో మీటరున్నరో లోతులో కనపడకుండా పోతుంటాయి. పైన కనపడేదల్లా అక్కడక్కడా పసుపు రంగు మార్కర్ రాయి, దాని మీద కిలోమీటరు నంబరు, పక్కనే ఒక హెచ్చరిక బోర్డు, అంతే.

ఇంత పొడవు పైపులో ఎక్కడో చిన్న చిల్లు పడితే ఎలా తెలుస్తుంది? ఈ టెక్నాలజీ అమ్మేవాళ్లను అడిగితే సాఫ్ట్‌వేర్ పట్టేస్తుందంటారు. పైపు భళ్లున పగిలినప్పుడు నిజంగానే పట్టేస్తుంది, దాంట్లో అనుమానం లేదు. చిక్కంతా రెండు చోట్ల ఉంది. సన్నగా కారే లీకు సాఫ్ట్‌వేర్ లెక్కలో పడదు. పెద్ద లీకైతే లెక్కలో పడుతుంది, అలారం కూడా మోగుతుంది, కానీ కంట్రోల్ రూమ్‌లో ఉన్న మనిషి దాన్ని నమ్మకపోతే మోగీ లాభం లేదు. ప్రపంచంలో జరిగిన పెద్ద పైప్‌లైన్ ప్రమాదాల్లో చాలావాటిని తిరగేస్తే ఈ రెండిట్లో ఏదో ఒకటి తప్పకుండా కనిపిస్తుంది.

ముందు లెక్క సంగతి చూద్దాం, ఎందుకంటే దాదాపు ప్రతి లైన్‌లోనూ మొదట ఉండేది ఇదే. ఈ చివర ఎంత పంపాం, ఆ చివర ఎంత చేరింది, తేడా ఎంత. వినడానికి ఇంత సులువైంది ఇంకోటి లేదనిపిస్తుంది. రెండు చివర్లా మంచి ఫ్లో మీటర్లు పెట్టి తీసివేత చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు, ఎందుకంటే పైపులో ఉన్న డీజిలు ఎప్పుడూ ఒకే పరిమాణంలో ఉండదు. 16 అంగుళాల పైపు 100 కిలోమీటర్ల పొడవు తీసుకుందాం. దాని కడుపులో సుమారు 1 కోటి 20 లక్షల లీటర్లు పడుతుంది. డీజిలు ఒక డిగ్రీ చల్లబడితే ప్రతి లక్ష లీటర్లకు దాదాపు 83 లీటర్లు కుంచించుకుపోతుంది. అంటే ఆ 100 కిలోమీటర్లలో ఒక్క డిగ్రీ తేడా వస్తే సుమారు 10 వేల లీటర్లు, దగ్గర దగ్గర ఒక ట్యాంకర్ లోడు, ఎక్కడా చుక్క కారకుండానే లెక్కలోంచి మాయమవుతుంది. ప్రెజర్ ఒక కేజీ (అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ) పెరిగితే నూనె కొంత నలుగుతుంది, పైపు కొంత సాగుతుంది, రెండూ కలిపి ఇంకో వెయ్యి లీటర్లకు పైగా అదనంగా లోపల ఇరుక్కుంటుంది. దీన్నే లైన్‌ప్యాక్ అంటారు. రిఫైనరీ నుంచి వేడిగా బయల్దేరిన సరుకు దారిలో మట్టి చల్లదనానికి దిగుతూ వస్తుంది, పంపు ఆన్ చేస్తే ప్రెజర్ లేస్తుంది, వాల్వు మూస్తే ఇంకో చోట లేస్తుంది. దీనికి తోడు ఒకే పైపులో పెట్రోలు, దాని వెనక డీజిలు, దాని వెనక మళ్లీ పెట్రోలు ఇలా బ్యాచ్‌లుగా పోతుంటాయి, ఒక్కోదాని సాంద్రత ఒక్కో రకం. ఇన్ని మారుతుంటే పంపింది మైనస్ చేరింది అనే లెక్క గంటల తరబడి సున్నాకు రాకుండా అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

అందుకే కాస్త పెద్ద లైన్లలో రియల్ టైమ్ ట్రాన్సియెంట్ మోడల్ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. దారి పొడవునా ఉన్న స్టేషన్ల నుంచి, వాల్వు గదుల నుంచి స్కాడా (దూరంలోని పరికరాల అంకెలను కంట్రోల్ రూమ్‌కు చేర్చే కంప్యూటర్ వ్యవస్థ) ద్వారా వచ్చే ప్రెజర్, ఉష్ణోగ్రత, ఫ్లో అంకెలు తీసుకుని, పైపులో ఈ క్షణాన ఏం జరుగుతూ ఉండాలో అది లెక్కగట్టుకుంటుంది, నిజంగా వస్తున్న అంకెలతో పోల్చుకుంటుంది. రెండూ విడిపోతే అలారం. బాగా ట్యూన్ చేసిన మోడల్ చాలా పనికొస్తుంది. కానీ ట్యూన్ చేసే మనిషి వెళ్లిపోయి, దారిలో నాలుగు మీటర్లు క్యాలిబ్రేషన్ తప్పి, కొత్త పంపు పెట్టి మోడల్‌లో మార్చడం మర్చిపోతే అదే మోడల్ రోజుకు పది తప్పుడు అలారాలు కొడుతుంది. అప్పుడు విసుగెత్తి హద్దు పెంచేస్తారు. హద్దు పెంచితే అలారాలు తగ్గుతాయి, అందరికీ హాయిగా ఉంటుంది. చిన్న లీకులు మాత్రం ఆ హద్దు కింద నుంచి జారిపోతాయి.

ఆ హద్దు అంటే ఎంతో అంకెల్లో చూస్తే గానీ విషయం బుర్రకెక్కదు. గంటకు 5 లక్షల లీటర్లు పోయే లైన్‌లో ఒక శాతం హద్దు పెట్టుకుంటే గంటకు 5 వేల లీటర్లు, రోజుకు 1 లక్ష 20 వేల లీటర్లు పోయినా సాఫ్ట్‌వేర్ నోరు మెదపదు. 12 వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు పది. మట్టి అడ్డం లేదనుకుని లెక్కేస్తే, 40 కేజీల ప్రెజర్ ఉన్న పైపుకు 6 మిల్లీమీటర్ల రంధ్రం పడితే గంటకు సుమారు 6 వేల లీటర్లు బయటికి చిమ్ముతుంది. ఇది హద్దు దాటింది కాబట్టి, కొంత ఆలస్యమైనా దొరకాలి. అదే 2 మిల్లీమీటర్ల రంధ్రం అనుకోండి, గంటకు 600 నుంచి 700 లీటర్లు. మొత్తం ఫ్లోలో అది 0.14 శాతం లోపే. ఫ్లో మీటరు సొంత పొరపాటే 0.1, 0.2 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఈ లీకు మీటరు పొరపాటులో దాక్కుంటుంది. ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ కొన్నా, ఎంత గొప్ప కంప్యూటర్ మీద నడిపినా, మీటరు చూడలేనిది లెక్క చూడలేదు. ఈ ఒక్క ముక్క ఒప్పుకోకుండా లీక్ డిటెక్షన్ గురించి ఎవరేం మాట్లాడినా అది సేల్స్ మాటే.

అమెరికాలోని నార్త్ డకోటాలో 2013 సెప్టెంబర్‌లో జరిగింది ఇలాంటిదే. టియోగా దగ్గర గోధుమ కోత కోస్తున్న రైతుకు చేలో నూనె కనిపించింది. పైపుకు పడిన రంధ్రం పావు అంగుళం, అంటే మన 6 మిల్లీమీటర్లే. పిడుగు పడి ఆ రంధ్రం ఏర్పడి ఉంటుందన్నారు. అది ఎప్పటి నుంచో కారుతూ 20 వేల బ్యారెళ్లకు పైగా, అంటే 30 లక్షల లీటర్లకు మించి చేలోకి ఇంకిపోయింది. అంతకు ఏడేళ్ల ముందు, 2006 మార్చిలో అలాస్కాలోని ప్రూడో బే ఆయిల్ ఫీల్డ్‌లోనూ ఇంతే చిన్న రంధ్రం, తుప్పు వల్ల పడింది. రోజుల తరబడి మంచు కింద కారింది. దాన్ని కూడా పట్టింది యంత్రం కాదు, ఆ దారిన పోతూ వాసన పసిగట్టిన ఉద్యోగి. మన పక్కనే చెన్నైలో 2013లో తండయార్‌పేట వాళ్లకు బోరు నీళ్లలో డీజిల్ వాసన కొట్టింది. ఆ తర్వాతే పోర్టు నుంచి టెర్మినల్‌కు వెళ్లే పాత పైపు లీకవుతోందని బయటపడింది. రైతు, ఉద్యోగి, బోరు నీళ్లు తోడుకునే ఇల్లాలు. లీకు మొదట తెలిసేది తరచుగా వీళ్లకే, అమెరికా నియంత్రణ సంస్థ కోసం 2012లో చేసిన అధ్యయనంలోనూ తేలింది అదే.

సన్న లీకు సంగతి ఇలా ఉంటే, పైపు హఠాత్తుగా పగిలినప్పుడు పనికొచ్చే పద్ధతి వేరే ఉంది, నెగెటివ్ ప్రెజర్ వేవ్. పగిలిన క్షణాన అక్కడ ప్రెజర్ ధన్‌మని పడిపోతుంది. ఆ పతనం పైపులోని నూనె గుండా రెండు వైపులా సెకనుకు దాదాపు కిలోమీటరు వేగంతో ప్రయాణిస్తుంది. 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు స్టేషన్లలో సెన్సర్లు ఉన్నాయనుకుందాం. రెండో స్టేషన్‌కు చేరిన 10 సెకన్ల తర్వాత మొదటి స్టేషన్‌కు చేరిందంటే పగిలిన చోటు మొదటి స్టేషన్ నుంచి 20 కిలోమీటర్లు, రెండో దాని నుంచి 10. ఎనిమిదో తరగతి లెక్క. అయితే రెండు స్టేషన్ల గడియారాలు ఒక సెకను తేడాగా ఉన్నాయంటే చోటు అర కిలోమీటరు తప్పిపోతుంది, అందుకే గడియారాలను జీపీఎస్‌తో కలిపి ఉంచుతారు. ఇది చాలా వేగమైన పద్ధతి, నిమిషాల్లో చోటు సహా చెబుతుంది. కానీ ఆ అల ఒక్కసారే వస్తుంది. అప్పుడు సెన్సర్ పనిచేయకపోయినా, పంపు శబ్దంలో అల కలిసిపోయినా, ఇక మళ్లీ రాదు. తుప్పు పట్టి నెమ్మదిగా విచ్చుకునే రంధ్రం అసలు అలనే పుట్టించదు. పైగా వాల్వు మూసినా, పంపు ఆగినా అలాంటి అలే పుడుతుంది కాబట్టి ఏది లీకు, ఏది మామూలు పని అని వేరు చేయడం దగ్గరే ఈ సాఫ్ట్‌వేర్ల అసలు పోటీ నడుస్తోంది. మెషీన్ లెర్నింగ్ పేరుతో ఇప్పుడు అమ్ముతున్నదంతా చాలావరకు ఈ వేరు చేసే పని గురించే.

ఇక అలారం మోగాక ఏమవుతుంది? 2010 జులై 25 సాయంత్రం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం మార్షల్ పట్నం దగ్గర ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ 6బీ లైన్ చీలింది. 30 అంగుళాల పైపుకు ఆరడుగులకు పైగా పొడవైన చీలిక. సరిగ్గా అప్పుడే ముందే అనుకున్న ప్రకారం లైన్ ఆపుతున్నారు. ఎక్కడో కెనడాలోని ఎడ్మంటన్ కంట్రోల్ రూమ్‌లో అలారాలు మోగాయి. లైన్ ఆపుతున్నాం కాబట్టి నూనె అక్కడక్కడా తెగి మధ్యలో ఆవిరి ఖాళీలు ఏర్పడి ఉంటాయి, అందుకే ప్రెజర్ అలా ఉంది అనుకున్నారు. అలా జరగడం మామూలే కూడా. మర్నాడు తెల్లవారుజామున పంపు మళ్లీ ఆన్ చేశారు. మళ్లీ అలారాలు. ఇంకా నూనె తోస్తే ఆ ఖాళీలు నిండుతాయనుకుని ఆపి, ఇంకోసారి ఆన్ చేశారు. ఈలోగా ఆ ఊళ్లో జనం ముందు రాత్రి నుంచే వాసన వస్తోందని ఎమర్జెన్సీకి ఫోన్లు చేస్తున్నారు, ఫైర్ సిబ్బంది వచ్చి వెతికారు కానీ వంట గ్యాస్ లాంటిదేదో అనుకుని వెనక్కిపోయారు. చివరికి 17 గంటల తర్వాత స్థానిక గ్యాస్ కంపెనీ ఉద్యోగి ఒకరు వాగులో నూనె చూసి ఫోన్ చేస్తే గానీ కంట్రోల్ రూమ్ నమ్మలేదు. అప్పటికి 30 లక్షల లీటర్లకు పైగా కలమజూ నది దారి పట్టింది. దాంట్లో 81 శాతం ఆ రెండుసార్లు పంపు ఆన్ చేసినప్పుడు పోయిందేనని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో తేల్చింది.

ఇక్కడ ఒక సంగతి దగ్గరగా చూడాలి. ఆ కంపెనీకి పది నిమిషాల నియమం ఉంది. కారణం తేలని అసాధారణ స్థితి పది నిమిషాలు దాటితే లైన్ ఆపేయాలి, అంతే. 1991లో మిన్నెసోటాలో జరిగిన అంతకుముందు లీకు నుంచి నేర్చుకుని పెట్టుకున్న నియమం అది. కాగితం మీద ఉంది, శిక్షణలో ఉంది. కానీ ఆ రాత్రి షిఫ్టులో అందరూ కలిసి లీకు కాకుండా ఇంకేదైనా కారణం దొరుకుతుందా అని వెతికారు, దొరికింది కూడా. ఇంకో దారుణమైన విషయం, ఆ చీలిక పెరుగుతున్న చోటులో లోపం ఉందని 2005 నాటి తనిఖీలోనే కనిపించింది.

1989 జూన్ 4న సోవియట్ యూనియన్‌లో ఊఫా దగ్గర జరిగింది ఇంకా ఘోరం. ద్రవ గ్యాస్ పోయే పైపు లీకై ప్రెజర్ పడిపోతుంటే, ఎందుకు పడిందో వెతక్కుండా పంపుల జోరు పెంచారు. రైలు పట్టాల పక్క లోయలో గ్యాస్ మేఘం పేరుకుంది. ఎదురెదురుగా వస్తున్న రెండు రైళ్లు అక్కడ దాటుకునే సమయానికి అది అంటుకుంది. 575 మంది చనిపోయారు, సెలవులకు పోతున్న పిల్లలు చాలామంది అందులో ఉన్నారు. ప్రెజర్ పడిందని మీటరు చెప్పింది. అంతకు మించి ఏ టెక్నాలజీ ఏం చెప్పగలదు?

ఇలాంటి చోట ఆపరేటర్‌ను తిట్టడం తేలిక. ఆపరేటర్ కుర్చీలోంచి చూస్తే మాత్రం ఇంకోలా ఉంటుంది. రోజూ మోగే అలారాల్లో దాదాపు అన్నీ తప్పుడువే, లైన్ ఆపితే టెర్మినల్‌లో సరుకు ఆగిపోతుంది, పై అధికారికి జవాబు చెప్పాలి, లీకు లేదని తేలితే ఎందుకు ఆపావని అడుగుతారు. ఆ టెన్షన్‌లో మనసు మామూలు కారణం వైపే మొగ్గుతుంది. అందుకే అనుమానం వచ్చి ఆపిన వాడిని, లీకు లేకపోయినా సరే, ఒక్క మాట అనకుండా ఉండే పద్ధతి లేకపోతే ఎన్ని కోట్లు పెట్టి ఏ సిస్టమ్ కొన్నా దండగే.

లెక్కలకు దొరకని సన్న లీకును పట్టాలంటే పైపు బయట ఏదో ఒకటి ఉండాలి. ఇప్పుడు అందరి కళ్లూ ఆప్టికల్ ఫైబర్ మీద ఉన్నాయి, దానికి కారణం లేకపోలేదు. పైప్‌లైన్ వేసేటప్పుడు స్కాడా కోసం, ఫోన్ల కోసం అదే కందకంలో ఫైబర్ కేబుల్ ఎలాగూ వేస్తారు. ఆ కేబుల్‌లో వాడకుండా మిగిలిన ఒక పోగుకు స్టేషన్‌లో ఒక పెట్టె తగిలిస్తే ఆ పోగే కిలోమీటర్ల పొడవునా మైకులా పనిచేస్తుంది. పెట్టె నుంచి లేజర్ మెరుపు పంపుతారు. గాజులోని అతి సూక్ష్మమైన తేడాల వల్ల ఆ వెలుగులో అణుమాత్రం అడుగడుగునా వెనక్కి తిరిగొస్తుంది. పక్కన నేల కదిలితే, చప్పుడైతే, ఆ పోగు ఇసుమంత సాగి తిరిగొచ్చే వెలుగు తీరు మారుతుంది. ఎంతసేపటికి తిరిగొచ్చిందో దాన్ని బట్టి ఎంత దూరంలో జరిగిందో తెలుస్తుంది. వెలుగు 50 కిలోమీటర్లు పోయి వెనక్కి రావడానికి అర మిల్లీసెకను చాలు కాబట్టి సెకనుకు రెండు వేల సార్లు దాకా మొత్తం లైన్‌ను విని రావచ్చు. చోటు పది మీటర్ల తేడాలో చెబుతుంది. ఒక పెట్టె 40, 50 కిలోమీటర్లు చూసుకుంటుంది. ఇదే ఫైబర్‌తో ఉష్ణోగ్రత కూడా కొలవచ్చు. వేడి నూనె కారితే చుట్టూ మట్టి వేడెక్కుతుంది, గ్యాస్ చిమ్మితే వ్యాకోచించి మట్టి చల్లబడుతుంది.

అయితే ఈ పద్ధతి ఎక్కువ పేరు తెచ్చుకున్నది లీకులు పట్టడంలో కాదు, లీకు కాబోయేదాన్ని ముందే పట్టడంలో. పైపు దగ్గర పార పెట్టి తవ్వుతున్నారా, జేసీబీ వచ్చిందా, మనిషి నడుస్తున్నాడా, కార్ పోతోందా అన్నది చప్పుడు తీరును బట్టి చెబుతుంది. అజర్‌బైజాన్ నుంచి టర్కీ దాకా 1,768 కిలోమీటర్లు పోయే బాకు–టిబిలిసి–జెహాన్ లైన్‌లో దీన్ని వాడింది ముఖ్యంగా నూనె దొంగల కోసం. మన దేశంలోనూ ఆ బెడద బాగా ఉంది. రాత్రిపూట పైపు దాకా గొయ్యి తవ్వి, నూనె పోతున్న పైపుకే వాల్వు వెల్డింగ్ చేసి, అక్కడి నుంచి సన్న పైపు వేసి దూరంగా ఉన్న షెడ్డులోకి లాగుతారు. వాళ్లకు కూడా కంట్రోల్ రూమ్ హద్దు సంగతి తెలుసు, అందుకే ఒకేసారి లాగకుండా కొద్దికొద్దిగా, తెల్లవారుజాము దాకా లాగుతారు. వాళ్లు వదిలేసిన వెల్డింగ్ ఎప్పుడో ఒకనాడు విడుతుంది. మెక్సికోలో 2019 జనవరి 18న త్లావెలిల్పాన్ దగ్గర దొంగ రంధ్రం నుంచి చిమ్ముతున్న పెట్రోలు పట్టుకోవడానికి జనం ఎగబడ్డారు. అది అంటుకుని 137 మంది చనిపోయారు.

హైదరాబాద్ శివార్ల సంగతికి వస్తే దొంగల కంటే జేసీబీల భయమే ఎక్కువ. విజయవాడ హైవే పక్క, ఘట్‌కేసర్, బీబీనగర్ వైపు పదేళ్ల కింద చేలున్న చోట ఇప్పుడు వెంచర్లు, గోడౌన్లు, కాలేజీలు. 1962 నాటి పెట్రోలియం పైప్‌లైన్ల చట్టం ప్రకారం పైపు పోయే పట్టీలో సాగు చేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు పెట్టకూడదు. భూమి రైతుదే, వాడుకునే హక్కు కంపెనీది. ఆ భూమి చేతులు మారి మారి ప్లాట్లయ్యేటప్పటికి ఈ పట్టీ సంగతి లేఅవుట్ మ్యాపులో ఉంటుందో లేదో కొనేవాడికి తెలియదు, మార్కర్ రాయి చదును చేసేటప్పుడే మాయమైపోతుంది. కేబుల్ కోసమో డ్రైనేజీ కోసమో తవ్వేవాళ్లు ముందు చెప్పి తవ్వాలని కేంద్రం 2023 మార్చిలో కాల్ బిఫోర్ యు డిగ్ అనే యాప్ తెచ్చింది. మంచి పని. కాంట్రాక్టర్ దగ్గర రోజు కూలికి బండి నడిపే డ్రైవర్ దాకా అది చేరితేనే ఉపయోగం. ఫైబర్ మైకుకు కూడా ఇక్కడో ఇబ్బంది ఉంది. ఎడారిలోనో కొండల్లోనో తవ్వకం చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. పక్కనే హైవే, రైలు పట్టాలు, పొద్దున లేస్తే పది చోట్ల తవ్వకాలు ఉన్న చోట ఏది తన పైపు దగ్గరి జేసీబీ, ఏది వంద మీటర్ల అవతలిది అని తేల్చుకోలేక మళ్లీ అదే తప్పుడు అలారాల కథ మొదలవుతుంది. అలాంటి చోట నెలల తరబడి కూర్చుని ఆ ప్రాంతపు చప్పుళ్లన్నీ దానికి నేర్పించాలి. కొని పెట్టెయ్యడంతో అయ్యేది కాదు.

లీకు పుట్టకముందే చూసేది ఇంకొకటి, పిగ్. పైపులోకి ఒక యంత్రాన్ని దింపి నూనె తోపుడుతోనే ఆ చివరిదాకా పంపుతారు. బలమైన అయస్కాంతాలతో పైపు ఉక్కును అయస్కాంతంలా మార్చి, గోడ పలచబడిన చోట బయటికి చెదిరే అయస్కాంత క్షేత్రాన్ని రాసుకుంటూ పోయేది ఒక రకం, అల్ట్రాసౌండ్‌తో మందం కొలిచేది, పగుళ్లు వెతికేది ఇంకో రకం. దొంగ వాల్వులు కూడా దీనికి దొరుకుతాయి. ఖర్చెక్కువ, ఏళ్లకోసారి గానీ నడపరు, మలుపులు ఎక్కువున్న పాత పైపుల్లో నడవదు. అయినా మొత్తం సామగ్రిలో దేని మీద డబ్బు పెడితే ఎక్కువ ప్రాణాలు దక్కుతాయంటే జవాబు ఇదే అనిపిస్తుంది. కారణం చూడటానికి దూరం పోనక్కర్లేదు.

2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా, ఇప్పటి కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపు పేలింది. 20 మందికి పైగా చనిపోయారు, కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. అది నూనె పైపు కాదు, గ్యాస్ పైపు, కానీ పాఠం ఒకటే. నీరు, కార్బన్ డయాక్సైడ్ కలిసిన తడి గ్యాస్ పోవడంతో పైపు లోపలి నుంచి తుప్పు తినేసింది. అంతకుముందు నుంచే గ్యాస్ వాసన వస్తోందని చెప్పినా పట్టించుకోలేదని గ్రామస్తులు ఆ రోజు ఏడుస్తూ చెప్పారు. ఇంట్లో సిలిండర్ గ్యాస్‌కు కలిపే మెర్కాప్టాన్ ఘాటు ఇలాంటి పెద్ద లైన్లలో సాధారణంగా కలపరు, అయినా అంత మాత్రం వాసన జనానికి తెలిసింది. పిగ్ చెప్పాల్సిన పలచబడ్డ గోడ, ఊరు చెప్పిన వాసన, రెండు కబుర్లూ ఉన్నాయి. ఏదో ఒకటి పట్టించుకున్నా సరిపోయేది.

మిగతా పద్ధతులు క్లుప్తంగా. నూనెతో పాటు పైపులో దొర్లుకుంటూ పోయి లీకు చప్పుడు వినే చిన్న బంతులున్నాయి, సాఫ్ట్‌వేర్ హద్దుకు ఎంతో కింద ఉండే లీకులను కూడా వింటాయి, కాకపోతే బంతి పోయిన రోజున లీకు ఉంటేనే. పైపు పక్కన ఆవిరి పీల్చే గొట్టం వేసి రోజుకోసారి దాంట్లోని గాలిని పరీక్షించే పద్ధతి అలాస్కా సముద్రం అడుగున నార్త్‌స్టార్ లైన్‌కు వాడారు. చాలా సన్న లీకును పడుతుంది, వందల కిలోమీటర్లకు వేయడం కుదరదు. డ్రోన్లు, లేజర్ కెమెరాలు, ఉపగ్రహాలు మీథేన్ విషయంలో బాగా ముందుకు పోయాయి, మట్టిలో ఇంకిపోయే డీజిల్ విషయంలో అంత కాదు. అన్నిటికంటే చవకైంది లైన్ ఆపి, రెండు చివర్లా వాల్వులు బిగించి, ప్రెజర్ నిలబడుతుందా లేదా అని చూడటం. పంపు చప్పుడు లేదు, బ్యాచ్ కదలికల్లేవు కాబట్టి చిన్న లీకు కూడా కనపడాలి. ఇక్కడా ఉష్ణోగ్రతే అడ్డం వస్తుంది. వాల్వులు బిగించిన పైపులో డీజిలు ఒక్క డిగ్రీ చల్లబడితే ప్రెజర్ ఏడెనిమిది కేజీలు తనంతట తానే దిగిపోతుంది. దాంతో కొన్ని గంటలు ఆగి సరుకు మట్టి వేడికి సర్దుకున్నాక చూడాలి. సరుకు డిమాండ్ ఎక్కువున్న లైన్‌లో అన్ని గంటలు ఆపడానికి ఎవరూ ఇష్టపడరు. నెలకోసారైనా ఆపి చూసే లైన్‌ను ఎన్నడూ ఆపని లైన్ కంటే ఎక్కువ నమ్మొచ్చు.

ఇక లైన్ వాకర్. రోజూ జీపీఎస్ పెట్టె జేబులో వేసుకుని తనకిచ్చిన కొన్ని కిలోమీటర్లు నడిచే మనిషి. ఎండాకాలంలో ఒక్క చోటే నేల తడిగా ఉందా, పచ్చటి చేలో పైపు మీదుగా ఒక పట్టీ మాత్రం పసుపు తిరిగిందా, కాలవ నీళ్ల మీద రంగురంగుల జిడ్డు తేలుతోందా, ఇవన్నీ చూడగలిగింది ఆ మనిషే. జీపీఎస్ పెట్టింది నడిచాడా లేదా చూడటానికి. ఏం చూశాడో అడిగే వ్యవస్థ అంతకంటే అవసరం. ఈ ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టు కింద, తక్కువ జీతానికి నడుస్తాయి. కోట్ల రూపాయల సాఫ్ట్‌వేర్‌కు దొరకని లీకును పట్టే మనిషికి ఇచ్చే విలువ ఇదా అనిపిస్తుంది. పైపు పక్క రైతులతో మాటలు కలిపి ఉంచే లైన్ వాకర్‌కైతే చేలో వాసన వచ్చిన గంటలో ఫోన్ వస్తుంది. మార్కర్ బోర్డు మీద ఫోన్ నంబరు ఉంటుంది, కానీ ఆ నంబరుకు అర్ధరాత్రి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే మనిషి ఎత్తుతాడా, ఎత్తినవాడికి ఏ కిలోమీటరు ఎవరి కింద ఉందో తెలుసా అన్నది ఏ తనిఖీలోనైనా మొదటి ప్రశ్న కావాలి. ఎవరికైనా అలాంటి వాసన వస్తే బండి స్టార్ట్ చేయకుండా, లైటర్ వెలిగించకుండా గాలికి ఎదురుగా దూరం జరిగి, ఆ నంబరుకూ 112కూ రెండిటికీ చెప్పాలి.

మన దేశంలో చమురు పరిశ్రమ భద్రత చూసే ఓఐఎస్‌డీ ప్రమాణాలు, పెట్రోలియం, గ్యాస్ నియంత్రణ బోర్డు పీఎన్‌జీఆర్‌బీ నిబంధనలు ఉన్నాయి. లీక్ డిటెక్షన్ సిస్టమ్ ఉందా అని అడిగితే కంపెనీలన్నీ ఉందనే చెబుతాయి, అది నిజమే కూడా. అడగాల్సింది వేరే. ఎంత చిన్న లీకును, ఎంతసేపట్లో, ఎంత దూరం తేడాతో పట్టగలరు, నెలకు ఎన్ని తప్పుడు అలారాలు వస్తున్నాయి, రెండు సెన్సర్లు పాడైతే సిస్టమ్ ఇంకా పనిచేస్తుందా? ఈ అంకెలు ప్రతి లైన్‌కూ వేరుగా ఉంటాయి, కంపెనీ దగ్గర ఉంటాయి. పైపు పక్కన బతికే ఊళ్లకు అవి తెలియడంలో రహస్యం పోయేదేమీ లేదు. దొంగలకు ఎలాగూ తెలుసు.

ఆ అంకెలు నిజమో కాదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది, ఇప్పటికే చాలా దేశాల్లో చేస్తున్నదే. దారిలో ఒక వాల్వు స్టేషన్ దగ్గర ట్యాంకర్ నిలబెట్టి, పైపులోంచి నిజంగానే కొలతగా డీజిలు దాంట్లోకి వదులుతారు. మొదట గంటకు 5 వేల లీటర్లు, ఇంకోసారి 2 వేలు, ఇంకోసారి 700. కంట్రోల్ రూమ్ షిఫ్టులో ఉన్నవాళ్లకు ముందు చెప్పకూడదు, భద్రత చూసుకునే ఒకరిద్దరికి తెలిస్తే చాలు. అలారం ఎన్ని నిమిషాలకు మోగిందో ఒక గడిలో రాయాలి. మోగాక పంపు ఆపడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో పక్క గడిలో, విడిగా రాయాలి.